ముప్పై రోజాలూ పూర్తయిన ఏడు

"ఈసారి ముప్పై రోజాలూ పూర్తయ్యాయి, ఒక్కటి కూడా ఖజా లేదు" - ఈద్ రోజున షీర్ ఖుర్మా గిన్నె చేతికందిస్తూ మా బంధువుల్లో ఒక ఆపా మెల్లగా చెప్పిన మాట ఇది. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఆ మాటలో సంతోషం ఉంది, దాని వెంటే కాస్త బిడియమూ ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి రంజాన్‌లోనూ ఐదారు రోజాలు విడిచి, వాటిని తర్వాత పూర్తి చేసుకుంటూ వచ్చిన స్త్రీకి నెల పొడుగునా ఉపవాసాలు సాగడం కొత్త అనుభవమే కదా! నెలసరి ఆగిపోయిందని ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు చెమటలతో దిండు తడిసిపోయి లేచి కూర్చుంటున్న సంగతీ చెప్పలేదు. నీరసానికి, మోకాళ్ల నొప్పులకు ఎవరో తెచ్చిచ్చిన పొడిని నాలుగు నెలలుగా వాడుతున్నానని మాత్రం చెప్పింది. "అంతా మూలికలే, ఏమీ కాదు" అంది.

ఆ పొడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆమె చెప్పకుండా దాచుకున్న విషయాలు మాట్లాడుకోవాలి.

పన్నెండు నెలలపాటు వరుసగా నెలసరి రాకపోతే ముట్లుడిగినట్లు వైద్యులు లెక్కిస్తారు. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు జరుగుతుంటే, మన దేశంలో 46, 47 ఏళ్లకే జరుగుతోంది. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారు చేయడం క్రమంగా తగ్గించేస్తాయి. మెదడులో శరీర వేడిని అదుపు చేసే కేంద్రం దానితో తడబడుతుంది. గదిలో ఏమాత్రం వేడి పెరిగినా ఒళ్లు కాలిపోతున్నట్లు భ్రమించి రక్తాన్ని చర్మంలోకి తోస్తుంది, చెమటలు పట్టిస్తుంది. ఒంట్లోంచి సెగలు ఎగదన్నుతున్నాయని మన ఆడవాళ్లు చెప్పేది దీన్నే. ఇవి ఏడాదిలో పోవచ్చు, చాలామందిలో ఏడేళ్ల దాకా కూడా ఉండవచ్చు. నిద్ర పట్టకపోవడం, చిరాకు, గుండె దడ, మూత్రంలో మంట, దాంపత్యంలో నొప్పి - ఇవన్నీ ఈ వరుసలోవే.

ఇంతటి విషయాన్ని గుట్టుగా ఉంచాలని మనకు ఎవరు చెప్పారు? దివ్యఖుర్ఆన్ తలాఖ్ సూరాలో నెలసరి ఆగిపోయిన స్త్రీల ఇద్దత్ గడువు మూడు నెలలని సూటిగానే పేర్కొన్నది. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు ఆగకుండా రక్తం పోతున్నదని, నమాజు మానాలా అని దైవప్రవక్త (సల్లం)ను స్వయంగా అడిగారు. అది నెలసరి కాదని, నరం నుంచి వచ్చే రక్తమని, నెలసరి రోజులు గడిచాక శుద్ధి చేసుకుని నమాజు చేయాలని ఆయన వివరించారు. ధర్మం తెలుసుకోవడానికి సిగ్గు అడ్డురానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. మనమేమో కూతురికి కూడా చెప్పుకోలేకపోతున్నాం.

ఈ మౌనం ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో చెప్పాలి. ముట్లుడిగే ముందు రెండు మూడేళ్లు నెలసరి క్రమం తప్పుతుంది. అప్పుడు స్త్రీలకు వచ్చే మొదటి సందేహం నమాజు గురించే. హనఫీ ఫిఖహ్‌లో హైజ్‌కు గరిష్ఠ పరిమితి 10 రోజులు. అది దాటి పోయే రక్తం ఇస్తిహాజా, దానితో నమాజు, రోజా ఆగవు. ఎవరి లెక్క ఎలాగన్నది ఆలిములను అడిగితే చెబుతారు. అయితే ఆ ప్రశ్నకు జవాబు దొరకగానే పని అయిపోయిందనుకుంటున్నారు. డాక్టరును అడగవలసిన రెండో ప్రశ్న మిగిలే ఉంటుంది. ముఖ్యంగా ఏడాదిపాటు పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క మరకే అయినా సరే, "మళ్లీ మొదలైంది కాబోలు" అనుకుని ఊరుకోరాదు. అలా వచ్చినవారిలో ఎక్కువమందికి కారణం చిన్నదే. కానీ గర్భసంచి లోపొరలో క్యాన్సర్ వచ్చిన పెద్ద వయసు స్త్రీలలో పదిమందికి తొమ్మిదిమంది తొలిసారి చూసిన లక్షణం ఈ మరకే. త్వరగా వస్తే చాలావరకు నయమయ్యే జబ్బు అది. స్కానింగు, అవసరమైతే లోపొర ముక్క తీసి పరీక్ష - ఇంతే. లేడీ డాక్టరే కావాలని అడగడంలో తప్పు లేదు. అసలు వెళ్లకపోవడమే తప్పు.

ఇక ఇంట్లో చేసుకోగలిగిన వాటి మాట. రంజాన్‌లో తెల్లవారుజామున మూడింటికి అందరికంటే ముందు లేచేది ఎవరు? రాత్రంతా చెమటలతో నిద్ర లేని ఆ ఇల్లాలే. పొయ్యి సెగ దగ్గర నిలబడి పరాఠాలు కాల్చి, మళ్లీ అసర్ తర్వాత పకోడీల మూకుడు ముందు చేరేదీ ఆమే. దైవప్రవక్త (సల్లం) ఇంటి పనుల్లో సాయపడేవారని జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. సహర్ వంట వారంలో నాలుగు రోజులు కొడుకులు, భర్త చేస్తే ఈ వయసు స్త్రీకి ఏ మూలికా ఇవ్వలేని ఉపశమనం దొరుకుతుంది. చిక్కటి చాయ్, మిర్చి బజ్జీ, ఘాటు మసాలా కొందరిలో సెగలను రేపుతాయి. ఎవరికి ఏది పడదో రెండు వారాలు గమనించుకుంటే తెలిసిపోతుంది. ఇఫ్తార్ నుంచి సహర్ దాకా నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. పలుచని నూలు బట్టలు, కిటికీ పక్కన పడక మేలు.

మూలికల విషయంలో ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. సోయా వల్ల కొందరికి కొద్దిగా మేలు కనిపించింది, ఫలితాలు అందరిలో ఒకేలా లేవు. అవిసె గింజలు ఆహారంగా మంచివే గానీ సెగలను తగ్గించడంలో ఉత్తుత్తి మందును మించి పనిచేయలేదు. అస్గంధ్ అని యునానీలో పిలిచే అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి, థైరాయిడ్ మాత్రలు వాడేవారు దాని జోలికి పోకూడదు. కలోంజీ పట్ల మనకు గౌరవం ఉంది, వంటలో వేసుకుందాం. అయితే చికిత్స చేయించుకోమని చెప్పిందీ ఆ ప్రవక్తే (సల్లం). అధిక బరువు తగ్గించుకోవడం, ఆలోచనా తీరును మార్చే మానసిక చికిత్స - ఈ రెండింటికీ మూలికల కంటే గట్టి ఆధారాలున్నాయి. నడక సెగలను ఆపదు, కానీ ఎముకలకు, గుండెకు, నిద్రకు అది తప్పనిసరి. ఈ వయసులో రోజుకు దాదాపు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, పాలు పెరుగులతో మిగతాది పూరించుకోవచ్చు. బురఖాలో తిరిగే మన స్త్రీలకు ఎండ తగలక విటమిన్ డి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. మేడ మీద చాటున చేతులకు, కాళ్లకు కాస్త ఎండ తగలనివ్వాలి, పరీక్షలో తక్కువని తేలితే మాత్రలు వేసుకోవాలి.

ఇవేవీ చాలకపోతే హార్మోను చికిత్స ఉంది. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన మధ్యలో ఆగిపోవడంతో లోకమంతా దానికి భయపడింది. అందులో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. అరవై లోపు వయసుండి ఆరోగ్యంగా ఉన్నవారికి, ముట్లుడిగి పదేళ్లు దాటనివారికి మేలే ఎక్కువని ఇప్పుడు నిపుణుల అభిప్రాయం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డలు కట్టే జబ్బు ఉన్నవారికి ఇది పనికిరాదు.

మన ప్రాంతంలో ఇంకొక బాధ ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అండాశయాలను కూడా తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన బాధలన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. ముప్పై ఐదేళ్ల స్త్రీకి ఎముకలు, గుండె ముందుగానే బలహీనపడతాయి. ఆపరేషన్ అనగానే ఒప్పుకోకుండా మరో డాక్టరును అడగడం ఆమె హక్కు.

ఇప్పుడు ఆపా పొడి సంగతి. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. వీటిని అధివృక్క గ్రంథులు లేదా ఎడ్రినల్ గ్రంథులంటారు. రక్తపోటును, ఉప్పును, కష్టసమయంలో శరీర బలాన్ని కాపాడే కార్టిసాల్ వీటిలోనే తయారవుతుంది. అండాశయాలు విశ్రమించాక ఈ గ్రంథుల నుంచి వచ్చే పదార్థాలే కొవ్వులో కొద్దిపాటి ఈస్ట్రోజన్‌గా మారుతాయి. ఈ చిన్న నిజాన్ని పట్టుకుని "మీ ఎడ్రినల్ అలసిపోయింది" అంటూ సీసాలు, పొడులు అమ్మేవారు తయారయ్యారు. అలాంటి జబ్బును హార్మోను నిపుణులు గుర్తించలేదు. ఆ గ్రంథులు నిజంగా చెడిపోయే జబ్బు వేరు. 1855లో థామస్ అడిసన్ దాన్ని వర్ణించారు. బరువు తగ్గడం, చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడడం, లేస్తే కళ్లు తిరగడం, ఉప్పు కోసం ప్రాణం లాగడం దాని గుర్తులు. మన దేశంలో క్షయ కూడా దానికొక కారణం.

పేరూ చిరునామా లేని కీళ్ల నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం వైద్యులకు బాగా తెలిసిన మోసం. చార్మినార్ పక్కనున్న నిజామియా వంటి ప్రభుత్వ యునానీ ఆస్పత్రుల్లోని హకీంలను ఇందులోకి లాగడం లేదు. చీటీ లేని పొట్లం సంగతే నేను చెప్పేది. అది తిన్న వారంలోనే నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, మొహం గుండ్రంగా నిండుతుంది. చూసినవాళ్లు "ఒళ్లు చేసింది, మందు పట్టింది" అంటారు. లోపల షుగర్, బీపీ పెరుగుతుంటాయి, ఎముకలు గుల్లబారుతుంటాయి. బయటినుంచి స్టెరాయిడ్ వస్తోంది కాబట్టి ఎడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ఒక్కసారిగా పొడి ఆపేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం జరగవచ్చు. అందుకే అనుమానం వచ్చినా సొంతంగా ఆపకుండా, పొట్లం వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆపా అలాగే వెళ్లింది. ఉదయం ఎనిమిదింటికి రక్తం తీసి చూస్తే కార్టిసాల్ బాగా తక్కువగా వచ్చింది. ఇప్పుడు డాక్టరు రాసిచ్చిన మాత్ర మోతాదును నెలనెలా కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. జ్వరం వస్తే ఎంత పెంచాలో కాగితం మీద రాసిచ్చారు, దాన్ని కోడలు వంటింటి అలమరాకు అంటించింది. వచ్చే రంజాన్‌కు రోజాలు ఉండవచ్చా అని ఆపా అడిగితే, గ్రంథులు మళ్లీ పని మొదలుపెట్టాయో లేదో పరీక్ష చేశాకే చెబుతానన్నారట.