నోరులేని పసివాడు – కార్డు మీది లాటిన్ మాటలు

బిడ్డను ఇంటికి పంపేటప్పుడు మేము ఇచ్చే కార్డు మీద కొన్ని మాటలు చూసి, మోతె చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి వచ్చే తల్లులు, నాయనమ్మలు కంగారుపడుతుంటారు. ‘నియోనేట్’ అన్నది జబ్బు పేరనుకొని, "సిస్టరమ్మా, ఇది ఎప్పుడు తగ్గుతది?" అని అడిగినవారున్నారు. అది జబ్బు కాదు. పుట్టి 28 రోజులు నిండని బిడ్డ అని అర్థం. గ్రీకులో ‘నియో’ అంటే కొత్త, లాటిన్‌లో ‘నాటుస్’ అంటే పుట్టిన.

ఐరోపాలో కొన్ని వందల ఏళ్లపాటు చర్చిలోనూ, వైద్య విద్యలోనూ లాటిన్ భాషే నడిచింది. ఆ మాటలే వైద్యంతోపాటు మన వార్డుల దాకా వచ్చాయి.

వాటిలో ‘ఇన్‌ఫాంట్’ అన్న మాట ప్రతి తల్లికీ తెలియాలని మా కోరిక. ‘ఇన్’ అంటే లేని, ‘ఫారీ’ అంటే మాట్లాడటం. అంటే మాట రానివాడు. మనమూ నోరులేని పసివాడు అంటాం కదా! కడుపులో నొస్తున్నదనీ, ఊపిరి ఆడటం లేదనీ ఆ బిడ్డ చెప్పలేడు. ఏడ్చే బిడ్డను అందరూ ఎత్తుకుంటారు. ఏడవకుండా, పాలకు లేవకుండా మత్తుగా పడి ఉన్న బిడ్డను చూస్తేనే మాకు ఎక్కువ భయం. "మంచిగ పండుకున్నడు" అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తుంటారు. రెండు నెలల లోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 60 గానీ అంతకు మించి గానీ వస్తే అదీ ప్రమాదమే.

నడినెత్తి మీది మెత్తని మాడును ‘ఫాంటనెల్’ అంటారు. లాటిన్‌లో ‘ఫోన్స్’ అంటే ఊట. ఈ మాటకు చిన్న ఊట అని అర్థం. మన వాగు ఇసుకలో తీసే చెలమ వంటిదన్నమాట. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే ఈ చెలమ గుంట పడుతుంది. అప్పుడు ఆముదం పట్టు వేసి కూర్చుంటే ఒంట్లోకి నీరు రాదు. తల్లిపాలు ఆపకుండా, ఓ.ఆర్.ఎస్. పడుతూ ఆసుపత్రికి తీసుకురండి. జ్వరంతో ఉన్న బిడ్డకు, ఏడవనప్పుడు కూడా మాడు ఉబ్బి ఉంటే అది మెదడుకు సంబంధించిన ప్రమాదం కావచ్చు, ఇంకా తొందరపడాలి. మామూలుగా మాడు ఏడాదిన్నర ప్రాంతానికి పూడుకుంటుంది.

‘కొలొస్ట్రమ్’ అంటే ముర్రుపాలు. రోమన్లు వాడిన మాటే, అక్షరం మారలేదు. బర్రె ఈనితే జున్నుపాలు ఇరుగుపొరుగుకు పంచి మరీ తింటాం. తల్లి ముర్రుపాలు మాత్రం పచ్చగా, చిక్కగా ఉన్నాయని పిండి పారబోస్తాం! ఇది మన ఊళ్ల తప్పే అనుకోకండి. రెండవ శతాబ్దంలో రోములో వైద్యం చేసిన సోరానస్ అంతటివాడు కూడా మొదటి రోజుల్లో తల్లిపాలు పట్టవద్దనే రాశాడు. ఆ పాలలో రోగాలను అడ్డుకునే శక్తి ఉందని ఆనాడు తెలియదు, నేడు తెలుసు. పుట్టిన గంటలోపు పట్టించండి. ఆపరేషన్ అయినా సరే, సిస్టర్లు పక్కనుండి పట్టిస్తారు. తేనె, చక్కెర నీళ్లు నాకించవద్దు. ఆరు నెలలు తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కరలేదు.

మా ‘నర్సు’ అన్న పేరూ అక్కడిదే. లాటిన్‌లో ‘నూట్రిక్స్’ అంటే పాలిచ్చి పెంచే దాది. అందుకేనేమో, పాల సంగతి వస్తే మా సిస్టర్లు కాస్త గట్టిగానే మాట్లాడతారు.

ఇక ‘అంబిలికస్’ అంటే బొడ్డే. పసుపు, బూడిద, పేడ ఏవీ రాయకుండా పొడిగా ఉంచితే సాధారణంగా రెండు వారాలలోపు బొడ్డు ఎండి దానంతటదే రాలుతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా వెంటనే చూపించండి.