దేవుడి ఊసు వచ్చినప్పుడు

వేర్వేరు నమ్మకాలున్న ఇద్దరు మర్యాదగా మాట్లాడుకోవాలంటే చివరికి ఒక్క మాట మీదికి రావలసిన పని లేదు. ఎదుటి మనిషి ఏం నమ్ముతున్నాడో, అతను విని అవునని తలూపేలా ముందు చెప్పగలగాలి. కాదనడం ఆ తర్వాత. చెప్పుకోవడానికి ఇది తేలికే. పాటించడం ఎంత కష్టమో కృష్ణా డెల్టా దిగువ భాగపు చరిత్ర చూస్తే తెలుస్తుంది. బందరు, గుడివాడ, దివిసీమ, వాటి పక్కన వరిచేలూ చేపల చెరువుల మధ్య ఉన్న బంటుమిల్లి ప్రాంతం పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి. ఈ నేల మీద దేవుడి గురించి జరిగినంత వాదన తెలుగునాట మరెక్కడైనా జరిగిందా అన్నది అనుమానమే.

ఘంటసాలలో బౌద్ధ స్తూపం బయటపడింది. గుడివాడలో బౌద్ధ దిబ్బా ఉంది, పార్శ్వనాథుడి జైన ఆలయమూ ఉంది. రేవుకు వచ్చిన ఓడలతో పాటే ఇస్లామూ క్రైస్తవమూ బందరులో దిగాయి. ఇన్ని మతాలు ఒకచోట ఉన్నంత మాత్రాన సహనం దానంతట అది పుట్టదు. దానికి మాట్లాడే పద్ధతి కావాలి.

ఆ పద్ధతి గురించి తెలుగునేల మీద ఉన్న అతి పాత రాతల్లో ఒకటి కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడిలో ఉంది. అక్కడి రాళ్ల మీద చెక్కించిన అశోకుడి శాసనాల్లో పన్నెండోది పూర్తిగా ఈ విషయానికే సంబంధించింది. సమయం సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగడవద్దనీ, పరాయి మతాన్ని కించపరచవద్దనీ, నాలుక అదుపులో ఉండాలనీ, ఒకరి ధర్మాన్ని మరొకరు వినాలనీ దాని సారాంశం. ఇతరుల మతాన్ని తూలనాడేవాడు తన మతానికే ఎక్కువ చెరుపు చేస్తాడన్నది ఆ చక్రవర్తి లెక్క. మత చర్చ మానేయమని మాత్రం ఆయన ఎక్కడా అనలేదు.

తర్కానికి ఆధారమైన న్యాయదర్శనం ఇంకాస్త ముందుకు వెళ్లి చర్చను మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి ఇరుపక్షాలూ చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. ఈ మూడింటిలో జనం నోట నేటికీ నలుగుతున్నది చివరిదే. ఎందుకో టీకొట్టు దగ్గర పావుగంట కూర్చుంటే తెలుస్తుంది. శాస్త్రకారులు పెట్టిన మరో నియమం పూర్వపక్షం. ఖండించదలచుకున్న సిద్ధాంతాన్ని దాని బలమంతటితో ముందుగా తానే వినిపించాలి. బలహీనం చేసి చెప్పి ఓడించడం పండితుడికి పరువు తక్కువ.

ఈ డెల్టాకు చెందిన కావ్యకథ ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సమయంలో దివిసీమకు దగ్గరలోని శ్రీకాకుళంలో ఆగారనీ, అక్కడి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడనీ ఆ కావ్యమే చెబుతుంది. అందులో విష్ణుచిత్తుడు పాండ్యరాజు సభలో ఇతర మతాల పండితులను వాదంలో ఓడిస్తాడు. ఆ ఘట్టం అందరికీ తెలిసిందే. అంతకంటే విలువైనది ఆ సభలోనే ఆయన రాజుకు వినిపించే ఖాండిక్య కేశిధ్వజుల కథ. ఇద్దరూ దాయాదులు. ఒకరికి కర్మకాండలో, మరొకరికి బ్రహ్మవిద్యలో పాండిత్యం. కేశిధ్వజుడు రాజ్యం గెలుచుకుని ఖాండిక్యుణ్ణి అడవికి తరిమేస్తాడు. తర్వాత అతని యాగధేనువును పులి చంపుతుంది. దానికి ప్రాయశ్చిత్తం తెలిసినవాడు ఖాండిక్యుడొక్కడే. కేశిధ్వజుడు శత్రువు దగ్గరికే వెళ్లి అడుగుతాడు. చేతికి చిక్కినవాణ్ణి చంపేయమని మంత్రులు చెప్పినా వినక ఖాండిక్యుడు ప్రాయశ్చిత్తం ఉన్నదున్నట్టు చెప్పి పంపిస్తాడు. గురుదక్షిణ ఇవ్వడానికి కేశిధ్వజుడు మళ్లీ వచ్చినప్పుడు ఖాండిక్యుడు రాజ్యం కాకుండా బ్రహ్మవిద్య కోరతాడు. విష్ణుపురాణం నుంచి వచ్చిన ఈ కథలో ఇద్దరూ వైరం ఉండగానే మాట్లాడుకున్నారు. తనకు తెలియనిది శత్రువుకు తెలిసి ఉండవచ్చని ఒప్పుకోవడమే ఇందులో పెద్ద విషయం.

కథలో ఇద్దరూ సమానులు. బందరు బడిలో ఆ సమానత్వం లేదు. 1843లో రాబర్ట్ నోబుల్ అక్కడ ఇంగ్లీషు బడి పెట్టారు. బైబిలు బోధన తన ఉద్దేశమన్న సంగతి ఆయన దాచలేదు. ఇంగ్లీషు చదువు కోసం అగ్రవర్ణ కుటుంబాలు పిల్లల్ని పంపాయి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి ఖాళీ అయినంత పనైంది. కొంతకాలానికి మళ్లీ నిండింది, తర్వాత నోబుల్ కళాశాలగా పేరు తెచ్చుకుంది. చదువు ఇచ్చే చేయి ఒకరిది, చాచిన చేయి ఇంకొకరిది అయినప్పుడు దాన్ని సమానుల మధ్య సంభాషణ అనలేం. అవతలి వైపు లోపమూ చిన్నది కాదు. మాల, మాదిగ పల్లెలను గుడి గడప తొక్కనివ్వని సమాజం, వాళ్లు చర్చి గడప తొక్కాక వాదనకు దిగింది. అంతకుముందు ఆ వాదసభల్లో వాళ్లకు చోటే లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో వాదన ఇంటి లోపలికే వచ్చింది. గుడివాడ దగ్గరి అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి బందరులో చదువుకున్నారు, అవధానాలు చేశారు, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చారు. సూతపురాణం, శంబుకవధ వంటి రచనల్లో పురాణాలను నిలదీశారు. సంస్కృత మంత్రాలు అర్థం కాని పెళ్లివారి కోసం తెలుగులో వివాహవిధి రాశారు. అదే కృష్ణా జిల్లాలోని నందమూరులో 1895లో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ సనాతన ధర్మం పక్షాన నిలిచి రామాయణ కల్పవృక్షం రాశారు. ఒకే నేల, ఒకే తరం, రాముడి మీద రెండు తీర్పులు. ఇద్దరినీ అభిమానంతో చదివిన పాఠకులు ఈ జిల్లాలో కొల్లలుగా ఉండటం ఈ ప్రాంతపు పెద్దమనసుకు మంచి సాక్ష్యం. త్రిపురనేని కలం వ్యంగ్యంలో చాలాచోట్ల జల్పం వైపు మొగ్గిందన్నదీ నిజమే.

ఈ చరిత్రలో అన్నిటికంటే నిదానంగా చదవాల్సిన అధ్యాయం గోరాది. గోపరాజు రామచంద్రరావు 1902లో పుట్టారు. వృక్షశాస్త్రం చదివిన అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కళాశాలలో చేరారు, అదీ నిలవలేదు. 1940లో ఉయ్యూరు దగ్గరి ముదునూరులో భార్య సరస్వతితో కలిసి నాస్తిక కేంద్రం స్థాపించారు. అంటరానితనాన్ని పోగొట్టడానికి సహపంక్తి భోజనాలు పెట్టారు, రాత్రి బడులు నడిపారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

1941లో గోరా తన పని గురించి గాంధీకి ఉత్తరం రాశారు. వచ్చిన జవాబు ముక్తసరిగా ఉంది. నాస్తిక ప్రచారంలో ఎవరూ నెగ్గలేదనీ, గోరాకు దక్కిన ఫలితం ఆయన చిత్తశుద్ధి వల్లనే గానీ నాస్తికత వల్ల కాదనీ, ముఖాముఖి మాట్లాడే తీరిక లేదనీ దాని సారం. 1944 నవంబరులో గానీ గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌లో కలుసుకోవడం కుదరలేదు. దేవుడు లేని మనిషితో ఏం మాట్లాడాలంటూ గాంధీ నవ్వుతూ మొదలుపెట్టారు. తాను దేవుడు లేనివాణ్ణి కాదు, నాస్తికుణ్ణి అని గోరా సరిదిద్దారు. రెంటికీ తేడా ఏమిటని గాంధీ అడిగారు. ఈ అడగడమే ముఖ్యం. నాస్తికత అంటే ఒట్టి లేదనడం కాదనీ, దేవుడి మీద భారం వేయకుండా మనిషి తన పనికి తానే బాధ్యత పడటమనీ గోరా వివరించారు. హిందువు, ముస్లిం అన్న ముద్రలు పోతే మనుషులుగా మిగులుతారన్నది ఆయన వాదన. ఆ తర్వాతా మాటలు సాగాయి. తన ఆస్తికత సరైనదనీ గోరా నాస్తికత తప్పనీ తాను తేల్చి చెప్పలేనన్న దాకా గాంధీ వచ్చారు. నాస్తికుడు మాత్రం కాలేదు. గోరా ప్రార్థనాపరుడూ కాలేదు.

గాంధీకి అంతకుముందు మరో అలవాటు ఉండేది. దేవుడే సత్యం అనడం మాని 1931 నాటికి సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. ఆ సూత్రంలో నాస్తికులు కూడా ఇమిడిపోతారు. ఉదారమైన ఆలోచనే. అయితే నువ్వు కాదన్నా నువ్వు మావాడివే అనడంలో ఎదుటివాడి అభిప్రాయాన్ని మింగేసే గుణం ఉంది. అన్ని మతాలూ ఒకటే అంటూ చర్చను ముగించే మర్యాదస్తుల్లోనూ ఇదే చిక్కు. ఏసు ఒక్కడే రక్షకుడనే విశ్వాసికీ, అల్లా తప్ప వేరే ఆరాధ్యుడు లేడనే ముస్లింకూ, దేవుడే లేడనే హేతువాదికీ అది పొగడ్తగా వినిపించదు.

గోరా విషయంలో గాంధీ ఆచరణ ఆ సూత్రాన్ని దాటిపోయింది. గోరా పెద్దకూతురు మనోరమకూ, అంటరాని కులంగా ముద్రపడిన కుటుంబానికి చెందిన అర్జునరావుకూ పెళ్లి సేవాగ్రామ్‌లో చేయాలని గాంధీ సంకల్పించారు. వివాహ ప్రమాణంలో దేవుడి పేరు వస్తే తమకు కుదరదని గోరా చెప్పారు. గాంధీ ఒప్పుకున్నారు, దేవుడి స్థానంలో సత్యం అన్న మాట చేరింది. పెళ్లి చూడటానికి ఆయన మిగలలేదు. 1948 మార్చిలో అదే ఆశ్రమంలో ఆ వివాహం జరిగింది. ఈ సంభాషణల గురించి గోరా రాసిన పుస్తకాన్ని గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో అచ్చువేసింది.

గోరా అన్నివేళలా మృదువుగానే నడిచారని కాదు. 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం విందు ఏర్పాటు చేశారు. ఎవరినీ బలవంతపెట్టలేదు, ముందే ప్రకటించారు. అయినా రెండు మతాల వారినీ రెచ్చగొట్టే పని అది. స్వేచ్ఛగా తినడం హక్కు, దాన్ని సభ చేసి చూపడం సవాలు. దానికి భిన్నంగా, 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో రామకృష్ణ మిషన్ వారూ, క్రైస్తవ సేవాసంస్థలూ, నాస్తిక కేంద్రం వారూ తలా ఒక చేయి వేశారు. అప్పుడు వాదనలకు ఎవరికీ తీరిక లేదు.

చట్టం విషయానికొస్తే, రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇస్తుంది. అంతఃకరణ స్వేచ్ఛ కూడా అందులోదే కాబట్టి నమ్మనివారికీ రక్షణ ఉంది. మతభావాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే శిక్షించే నిబంధన 1927లో శిక్షాస్మృతిలోకి 295ఎ సెక్షన్‌గా వచ్చింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. విమర్శ నేరం కాదు. దురుద్దేశం నేరం. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కోర్టులు ఇప్పటికీ కేసుకొక రకంగా వెతుక్కుంటున్నాయి.

ఊళ్లో ఈ గీతను జనమే గీసుకుంటారు. డెల్టా పల్లెల్లో డిసెంబరు నెల దానికి పరీక్ష. ధనుర్మాసం తిరుప్పావై రామాలయం మైకులో తెల్లారకముందే మొదలవుతుంది, చర్చి మీద నక్షత్రం రాత్రంతా వెలుగుతుంది, క్రిస్మస్ పాటల బృందం అర్ధరాత్రి వీధులు తిరుగుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాగితం చూపించి ఒక పక్షం నోరే మూయించబోతే తగువు. ఇరుపక్షాల పెద్దలూ కూర్చుని ఇద్దరి మైకుకూ ఒకే హద్దు పెట్టుకున్నచోట పని సాఫీగా సాగుతుంది.

ప్రసాదం దగ్గర మరో చిక్కు. చర్చికి వెళ్లే బంధువు పూజలో పెట్టినది తినడు. బలవంతంగా చేతిలో పెడితే అది ప్రేమ కాదు, పరీక్ష. అతనూ దాన్ని విగ్రహాలకు అర్పించినదంటూ నలుగురిలో ఉపన్యసించనక్కర్లేదు, మేము తీసుకోమండీ అంటే సరిపోతుంది. తెలివైన ఇల్లాలు నైవేద్యం పెట్టకముందే పులిహోర ఒక గిన్నెలో వేరుగా తీసి ఉంచుతుంది.

కష్టమంతా చావు దగ్గర. తండ్రి పాత పద్ధతిలో బతికి, కొడుకుల్లో ఒకరు బాప్తిస్మం తీసుకున్న ఇళ్లలో దహనమా ఖననమా, పెద్దకర్మా జ్ఞాపకార్థ కూడికా అన్న తగువు శవం ముందే లేస్తుంది. అప్పుడు ఎవరి వేదాంతం గొప్పదన్న చర్చకు అర్థం లేదు. పోయిన మనిషి బతికుండగా ఏం కోరుకున్నాడో అదే చెల్లాలి. చివరి చూపుకు వచ్చిన కొడుకు తన నమ్మకం ఒప్పుకోని కర్మలో చేయి పెట్టకుండా పక్కన నిలబడవచ్చు. పాడె మోయడానికి మాత్రం నమ్మకం అడ్డు రానక్కర్లేదు.