కొత్త కెర్నల్ కాదు, నిలిచే కెర్నల్

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టా బయటికి వెళ్లే ముందు అతిధ్వని తరంగాల పరీక్ష దాటాలి. ఒకసారి పరిచాక అది ఏళ్ల తరబడి బండ్ల బరువు మోయాలి మరి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెర్నల్‌ను ఎంచుకునేవారికీ ఇలాంటి ముందుచూపే కావాలి.

కెర్నల్ అంటే ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లను ప్రోగ్రాములకు పంచిపెట్టే కేంద్రభాగం. లినక్స్ కెర్నల్ కొత్త వెర్షన్ 9, 10 వారాలకొకటి వస్తుంది. మామూలు వెర్షన్‌కు దిద్దుబాట్లు కొద్ది నెలలే అందుతాయి. ఏడాదికొక వెర్షన్‌ను మాత్రం దీర్ఘకాల మద్దతుకు ఎంపిక చేసి, కనీసం రెండేళ్లపాటు లోపాలు సరిదిద్దుతారు.

డెబియన్ 13 విడుదలైంది 2025 ఆగస్టు 9న. అప్పటికి సరికొత్త కెర్నల్ 6.16. వచ్చి రెండు వారాలు కూడా నిండలేదు. డెబియన్ మాత్రం 2024 నవంబరు నాటి 6.12నే తీసుకుంది. కారణం, అది దీర్ఘకాల మద్దతున్న వెర్షన్. డెబియన్ 13కు 2030 వరకు దిద్దుబాట్లు అందించాలి. సీ-డాక్ రూపొందించిన మన బాస్ లినక్స్‌కూ మూలం డెబియనే.

ఈ ఎంపికకు మూల్యం ఉంది. తర్వాత మార్కెట్లోకి వచ్చిన వైఫై చిప్‌నో గ్రాఫిక్స్ కార్డునో పాత కెర్నల్ గుర్తించకపోవచ్చు. అలాంటివారికోసం డెబియన్ కొత్త కెర్నల్‌ను బ్యాక్‌పోర్ట్స్ ద్వారా విడిగా ఇస్తుంది. ఉబుంటు దారి వేరు. విడుదల నాటికి దొరికే సరికొత్త కెర్నల్‌నే తీసుకోవాలని 2024లో నిర్ణయించింది.

కొత్త ల్యాప్‌టాప్‌కు ఉబుంటు పద్ధతి నప్పుతుంది. ఏళ్ల తరబడి ఆగకుండా నడవాల్సిన యంత్రానికి మాత్రం దిద్దుబాట్లు ఎంతకాలం అందుతాయన్నదే ముఖ్యం.