అర్మకొండ ఎక్కేవారికి అర్ధశక్తి సూత్రం

సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున, కొబ్బరితోటల నడుమ నివసించే కోనసీమవాసులకు కొండ ఎక్కుట అలవాటు లేని శ్రమ. పాడేరు సమీపాన వంజంగి మేఘాలకొండను చూసివచ్చిన ఉత్సాహవంతులు అర్మకొండ వైపు కూడా దృష్టి సారిస్తున్నారు. ప్రయాణానికి ముందే ఆ కొండ స్వభావమును, మన దేహస్వభావమును తెలుసుకొనుట మేలు.

కొండ స్వరూపం

తూర్పు కనుమలలోని అర్మకొండ ఎత్తు సుమారు 1,680 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యున్నత శిఖరంగా భూగోళ పాఠ్యగ్రంథాలు దీనిని పేర్కొంటాయి. పూర్వపు విశాఖ జిల్లాలోని ఈ సీమ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కోనసీమ ప్రత్యేక జిల్లా అయినదీ ఆనాడే.

మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నది దిగువన సీలేరు అన్న పేరుతో పారి, శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. ఆ కొండలపై కురిసిన వానలో కొంత ధవళేశ్వరం మీదుగా మన కాలువలకు వస్తున్నదన్నమాట.

ఎత్తు, చలి

వెయ్యి మీటర్లు ఎక్కిన కొద్దీ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన శిఖరం మన ఊరికంటె దాదాపు 11 డిగ్రీలు చల్లన. గాలి పీడనం కూడా ఐదవ వంతుకు కాస్త తక్కువగా తగ్గుతుంది. సాధారణంగా 2,500 మీటర్లు దాటిన పిమ్మట కలిగే పర్వతవ్యాధికి ఇక్కడ భయపడనవసరం లేదు. అయితే ఉబ్బసం, గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు గలవారికి తెల్లవారుజాము చలిలో ఏటవాలు నడక ప్రమాదకరం. వారు వైద్యుని సలహా లేకుండా బయలుదేరరాదు.

ఎంత శ్రమించవలెను?

వ్యాయామం అర్ధశక్తితోనే చేయవలెనని ఆయుర్వేదం. శ్రమలో ఊపిరి నోటివెంట వెలువడసాగినప్పుడు సగం బలం ఖర్చయినదని సుశ్రుతుడు గుర్తు చెప్పెను. ఆ గుర్తు కనబడగానే ఆగి, శ్వాస కుదుటపడిన తరువాతనే కదలవలెను. ఎదలో నొప్పి, కళ్లు తిరుగుట కలిగితే వెంటనే క్రిందికి దిగి వైద్యసహాయం పొందవలెను. చలి, రూక్షత వాతమును పెంచును గనుక ముందురోజు నువ్వులనూనెతో మోకాళ్లు, పిక్కలు మర్దన చేసుకొనుట మంచిది.

కొండ ఇచ్చే ఔషధం

శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసి త్రికటువు. పాడేరు కాఫీతోటలలో నీడచెట్లకు మిరియాల తీగలు అల్లుకొని ఉంటాయి. అల్లము, పిప్పళ్లు కూడా ఏజెన్సీ పంటలే. చలికి జలుబు చేసినచో ఈ మూడింటి చూర్ణము సమభాగాలుగా కలిపి, చిటికెడు తేనెతో పుచ్చుకొనవచ్చును. కడుపులో పుండు, మంట గలవారు, గర్భిణులు దీనిని మానవలెను.

జ్వరం వస్తే

ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా భయం గలదు. రాత్రి బసలో దోమతెర తప్పనిసరి. తిరిగివచ్చిన కొన్ని వారాలలో చలిజ్వరం వచ్చినచో కషాయాలతో కాలయాపన చేయక, ఆనాడే రక్తపరీక్ష చేయించి, ఎక్కడికి వెళ్లివచ్చినదీ వైద్యునికి చెప్పవలెను. వంటింటి వైద్యం జలుబుకు చాలును; మలేరియాకు చాలదు.