మతిమరుపు లేని బుల్లి సూదంటురాయి

పిల్లలూ! దౌల్తాబాదులోగాని, తాండూరులోగాని నాపరాయి పొడి మీకు సులువుగా దొరుకుతుంది. అందులో కాస్త ఇనుపరజను కలిపి, పైన సూదంటురాయి పట్టి చూడండి. ఇనుము లేచి వస్తుంది, రాతిపొడి కదలదు. యెంత కలిపినా దేని గుణం దానిదే.

కాని లోహాలను కరిగించి కలిపితే కథ మారిపోతుంది. ఇనుమూ, నికెలూ రెండూ సూదంటురాయికి అంటుకునేవే. అయినా 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్, తక్కినదంతా దాదాపు ఇనుమే అయిన స్టెయిన్‌లెస్ స్టీలు అంటుకోదు! యెందుకంటే, ఇనుములోని ప్రతి పరమాణువూ ఒక చిన్న సూదంటురాయి. అవన్నీ ఒకే దిక్కుకు తిరిగితేనే బలం. మిశ్రమలోహంలో పరమాణువుల అమరిక మారితే ఆ ఐకమత్యం చెడవచ్చు, పెరగనూ వచ్చు.

ఇక సూదంటురాయిని ముక్కలు చేస్తూ పోతే? మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. పది నానోమీటర్ల ఇనుపరేణువుకు మతిమరుపు! మన గదిలో వుండే వేడి చాలు, మీరు కన్ను మూసి తెరిచేలోగా దాని దిక్కు యెన్నోసార్లు తారుమారవుతుంది. ఇలా యెందుకవుతుందో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నేల్ 1949లో వివరించాడు. కంప్యూటరు డిస్కులో ప్రతి అక్షరమూ ఇలాంటి రేణువుల దిక్కుల్లోనే దాగి వుంటుంది. రేణువు మరిచిపోతే రాత చెరిగిపోయినట్టే గదా!

దీనికి మందు ప్లాటినం. ప్లాటినం తనంత తాను సూదంటురాయికి అంటుకోదు. కాని ఒక వరుస ఇనుము, ఒక వరుస ప్లాటినం చొప్పున పరమాణువులు పేరిస్తే, మూడు నాలుగు నానోమీటర్ల రేణువు కూడా తన దిక్కు మరిచిపోదు.

అలాంటి రేణువులను చేసేదెలా? అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో షౌహెంగ్ సన్, ఆయన సహచరులు 2000లో ఒక పద్ధతి ప్రకటించారు. ఇనుము వున్న పదార్థాన్నీ, ప్లాటినం వున్న పదార్థాన్నీ ఒక ద్రవంలో వేసి బాగా కాచారు. రెండు లోహాలూ విడివడి, కలిసి రేణువులుగా కట్టాయి. అవి ముద్ద కాకుండా ఓలియిక్ ఆమ్లం వాటిని చుట్టుకుంది. మన వేరుశనగ నూనెలో పుష్కలంగా వుండేది ఆ ఆమ్లమే!

అయితే అప్పటికింకా పరమాణువులు వరుసల్లో లేవు. 500 డిగ్రీలు దాటి వేడిచేస్తేనే అవి వరుస కడతాయి. కాని అంత వేడికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. 2006 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. రేణువులను మెత్తని ఉప్పులో కలిపి వేడిచేశారు. ఉప్పు 801 డిగ్రీలదాకా కరగదు గనుక మధ్యలో గోడలా నిలిచింది. చల్లారాక నీళ్ళతో కడిగితే ఉప్పు పోయింది, రేణువులు మిగిలాయి!

2024లో సీగేట్ కంపెనీ తెచ్చిన 30 టెరాబైట్ల డిస్కుల్లో వున్నవీ ఇనుము-ప్లాటినం రేణువులే. కాకపోతే వాటిని వేరే పద్ధతిలో పొరగా పరుస్తారు. వాటి పట్టు యెంత గట్టిదంటే, లేజరుతో క్షణకాలం వేడిచేస్తేగాని వాటిమీద కొత్త రాత రాయలేరు.

మీ వంటింటి గిన్నెలకు ఒక్కొక్కదానికే సూదంటురాయి తాకించి చూడండి. ఏవి అంటాయో, ఏవి అంటవో రాసుకోండి. చూడటానికి ఒకేలా వున్న రెండు గిన్నెల్లో ఒకటి అంటి, రెండోది అంటకపోతే, లోపలి పరమాణువుల అమరిక వేరని మీరే చెప్పగలరు.