వెలితి బిందె, డిస్ట్రాయర్

‘వేల టన్నుల ఉక్కు ఓడ గాలివానకు మునగడమేమిటి? కొండంత అలేదో వచ్చి మింగేసి ఉంటుంది’ అంటుంటారు. సినిమాల పుణ్యం. గొడవ చాలాసార్లు ఓడ లోపలే మొదలవుతుంది.

1944 డిసెంబరు 18న ఫిలిప్పీన్స్‌కు తూర్పున అడ్మిరల్ హాల్సీ నడిపిస్తున్న అమెరికా థర్డ్ ఫ్లీట్ టైఫూన్‌లో చిక్కుకుంది. జపాను గుండు ఒక్కటీ తగలకుండానే హల్, స్పెన్స్, మోనహన్ అనే డిస్ట్రాయర్లు మునిగాయి. సుమారు 790 మంది పోయారు.

స్పెన్స్ ముందురోజు న్యూజెర్సీ నౌక నుంచి చమురు ఎక్కించుకోబోతే అలలు పడనివ్వలేదు. ట్యాంకులు దాదాపు ఖాళీ. సముద్రపు నీటితో నింపుకోవచ్చు కదా అంటారా? నింపితే, చమురు దొరికిన రోజున అదంతా తోడిపోయాలి. చమురు వస్తుందన్న ఆశ ఎంత పని చేసిందో చూడండి.

ఖాళీ ట్యాంకులతో ముప్పేమిటో బిందెతో చూద్దాం. నెత్తిన నిండు బిందెతో నడిచే మనిషికి ఇబ్బంది లేదు. వెలితి బిందె అయితే, తల కాస్త వాలగానే నీళ్లు వాలినవైపే పరుగెడతాయి, బిందెనూ అటే లాగుతాయి. మనిషికి మెడ ఉంది, సర్దుకుంటుంది. ఓడకు మెడ లేదు. ఇప్పుడా బిందెను గది వెడల్పున ఊహించండి, కాళ్లకింది నేలను ఊపండి, చీర చెంగును గాలికి వదలండి, చాలకపోతే బిందెమీద ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టండి. ఆ పిల్లాడే యుద్ధకాలంలో పైన బిగించిన తుపాకులు, రాడార్లు. హల్, మోనహన్ పాత ఓడలు, వాటికి ఈ పైబరువు మరీ ఎక్కువ. (ట్యాంకుల మధ్య అడ్డుగోడలు ఉంటాయి, బిందెకు ఉండవు. పోలికకు అంతకుమించి నన్ను నిలదీయకండి.)

ఓడ పక్కకు ఒరిగిపోయాక గాలి దాన్ని లేవనివ్వదు. పొగగొట్టాల్లోంచి నీళ్లు దిగుతాయి, కరెంటు పోతుంది, చుక్కాని మొరాయిస్తుంది. తర్వాతది నిమిషాల పని. డ్యూయీ అనే డిస్ట్రాయర్ 75 డిగ్రీలదాకా ఒరిగీ బతికింది. దాని పొగగొట్టం ఒకటి విరిగి పడిపోవడంతో గాలికి పట్టు తగ్గింది. ఓడ నీళ్లలోకి దిగేరోజున అమెరికాలో షాంపేన్ సీసా, మన దగ్గర కొబ్బరికాయ పగలగొడతారు. నన్నడిగితే ఆ విరిగిన గొట్టానికి దండం పెట్టాలి.

అల ఏమీ చేయదని కాదు. 1945 జూన్‌లో హాల్సీ నౌకలు మరో టైఫూన్‌లో పడ్డాయి. పిట్స్‌బర్గ్ క్రూయిజర్ ముందుభాగం 104 అడుగుల మేర తెగిపోయింది. ఒక్క ప్రాణం పోలేదు, ఓడ గువాం చేరింది. తెగిన ముక్క కూడా తేలుతూనే ఉంటే, దాన్నీ అక్కడికే లాక్కొచ్చారు.