రణపాల – ఆకే విత్తనముగా గల యింటిమొక్క

రణపాల నెఱుగని పల్లె మనలో నరుదు. దడివారను, నూతిగట్టు చెంతను, పాతగోడల బీటలలోను నది తనంత తానే పెరుగుచుండుటచేత దానిని పెంపుడు మొక్కగా నెన్నువారు తక్కువ. పట్టణములలోనైతే ఈ మొక్కనే, దీని జాతికి జేరిన మఱికొన్ని దళసరి యాకుల మొక్కలతోపాటు, చిన్న కుండీలలో బెట్టి నర్సరీలవారు వెలకు విక్రయించుచున్నారు. వెలయిచ్చి కొని, ప్రొద్దున సాయంకాలము నీరుపోసి పెంచినది మూడునాలుగు మాసములకే మొదలు కుళ్లి వ్రాలిపోవును. దడివార నెవ్వరును జూడనిది పచ్చగా నిలుచును. ఈ వింతకు కారణ మేమో తెలిసికొన్నచో నీ మొక్కను పెంచుటలో తెలిసికొనవలసినది ముప్పాతిక మువ్వీసము తెలిసినట్లే.

దీని శాస్త్రనామము కలంకో పిన్నాట. బ్రయోఫిల్లమని దీనికి మఱియొక పేరు గలదు. గ్రీకుభాషలో నా మాటకు మొలకెత్తు ఆకు అని భావము. పర్ణబీజమను సంస్కృతనామమును నదే సంగతిని చెప్పుచున్నది. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. అచ్చటినుండి యుష్ణదేశముల కన్నిటికిని వ్యాపించినది. చలిదేశమగు జర్మనీలో సైతము, మహాకవి గోయ్‌థే దీనిని వైమరు నగరమున ముచ్చటపడి పెంచి, పిలకలను మిత్రులకు బంచియిచ్చెడివాడు.

ఈ మొక్క చరిత్రలో మన తెలుగుసీమకును నొక చోటు గలదు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను నడపుచుండిన విలియం రాక్సుబరో 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు బోయిన పిమ్మట, ఆ తోటపనిని బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వహించెను. ఈయన 1813లో వ్రాసిన లేఖ యొకటి 1815లో లండనునందలి లిన్నేయను సంఘమువారి సంపుటమున నచ్చుపడినది. అందులో నాయన చెప్పినదేమన, ఈ మొక్క యాకు తెల్లవారుజామున మిక్కిలి పుల్లగా నుండును, ప్రొద్దెక్కిన కొలది పులుపు తగ్గి మధ్యాహ్నమునకు రుచి లేనిదగును, సాయంకాలమునకు కొంచెము చేదెక్కును. యంత్రము లేవియు లేక నాలుకతో కనిపెట్టిన యీ సంగతి తరువాతి శాస్త్రజ్ఞుల గొప్ప పరిశోధనలకు దారి జూపినది. ఎవరైన పరీక్షింపగోరినచో తెల్లవారగనే యొకటి, మిట్టమధ్యాహ్న మొకటి, చిన్న తునుకను నాలుకకు తాకించి యుమ్మివేసిన చాలును. మ్రింగవలదు. ఏల వలదో ముందు చెప్పెదను.

ఈ పులుపు ఎక్కడిది? వరి, జొన్న మొదలగు పైరులు పగటివేళ ఆకుల రంధ్రములను తెఱచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును గైకొనును. తెఱచిన రంధ్రములనుండి నీరు ఆవిరియై పోవుట తప్పదు. రణపాల యట్లు చేయదు. ఎండవేళ రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన తరువాత తెఱచి, అప్పుడు వాయువును గ్రహించి, దానిని మాలికామ్లమను పులుసుగా మార్చి యాకులో నిలువచేసికొనును. తెల్లవారిన పిదప, తలుపులు మూసికొనియే, ఆ పులుసునుండి వాయువును మరల విడదీసి, సూర్యరశ్మితో తన యాహారమును వండుకొనును. అందుచేతనే ప్రొద్దుట పులుపు, మధ్యాహ్నము చప్పదనము. నాగజెముడు, కలబంద, అనాస మొదలగువానికిని ఇదియే వృత్తి. ఈ విధానమునకు శాస్త్రజ్ఞులు రణపాల చేరిన క్రాసులేసీ కుటుంబము పేరే పెట్టిరి.

ఇచ్చట నొక మాట. ఇట్టి మొక్కలు రాత్రివేళ ప్రాణవాయువును వెలువరించుననియు, అందుచే మంచము దగ్గఱ నుంచుకొనవలెననియు ఇటీవల విస్తారముగా ప్రచారమగుచున్నది. అది సరికాదు. రాత్రి జరుగునది బొగ్గుపులుసు వాయువును లోనికి దీసికొనుట మాత్రమే. ప్రాణవాయువు పుట్టుటకు వెలుతురు కావలయును. అమ్మకమునకు బనికివచ్చు మాటలను మనము నమ్మి వెల హెచ్చుగా నిచ్చుట యనవసరము.

ఇక సాగు. నీటిని దాచుకొను మొక్కకు నీరు హెచ్చుగా పోయుటయే దానికి మనము చేయు కీడు. ఆకు దళసరిగా నుండుట నీటికుండ నిండుగా నున్నదనుటకు గుర్తు. వేళ్ల చుట్టును తడి యారకున్నచో గాలి యాడక వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీరు త్రాగలేదు గనుక ఆకులు వ్రాలును. వ్రాలిన యాకులను జూచి దాహమని తలచి మఱింత నీరు పోయుదురు. కుండీమొక్కలు పెక్కు లీ విధముగనే చచ్చుచున్నవి. రైతు చేతికి నీరు పెట్టుట యలవాటేగాని నీరు మానుట యలవాటు లేదు. అందుచే మన యిండ్లలో నీ తప్పు మఱింత సులభముగా జరుగును. వేలును రెండు కణుపుల లోతు మట్టిలో దింపి చూడవలయును. పొడిగా నున్నప్పుడే అడుగు రంధ్రమునుండి కాఱునట్లు పోసి, మరల పొడియగు వఱకు ముట్టరాదు. వేసవిలో నిది వారమునకు ఒకటి రెండుమార్లు కావచ్చును. చలికాలమున పదిదినములకొకసారి చాలును. వానకాలమున చూరుక్రింద నున్న కుండీకి పోయవలసిన పని తఱచుగా నుండదు. ఆకు కొంచెము మెత్తబడి ముడుత పడినదే నిజమైన దాహము. నీరు పోసిన యొకటి రెండు దినములలో నది తేఱుకొనును. మెత్తబడుటతోబాటు పసుపుపచ్చనై కాండము మొదట నల్లబడినచో నది కుళ్లు. అప్పుడు నీటితో బనిలేదు. పైన బాగుగనున్న కొనను గాని యాకును గాని కోసి, వేఱుగా నాటుకొనుటయే మార్గము.

కుండీ మట్టిది శ్రేష్ఠము. గోడలగుండ తేమ యారును. ప్లాస్టికుదైనను చెడ్డది కాదు గాని నీరు మఱింత తగ్గించవలెను. అడుగున రంధ్రము లేని పింగాణి పాత్రలు చూపునకు మాత్రమే. జానెడు కుండీ యొక మొక్కకు చాలును. పెద్ద కుండీలో మట్టి హెచ్చు, తడియు హెచ్చు. అడుగు రంధ్రముపై పెంకుముక్కను బోర్లించి, రెండుపాళ్లు ఎఱ్ఱమట్టి, రెండుపాళ్లు ముతక యిసుక, ఒకపాలు బాగుగ చివికిన ఆకుఎరువు కలిపి నింపవలెను. కృష్ణా, గుంటూరు, కర్నూలు ప్రాంతముల రేగడినేలవారు తమ చేని మట్టిని తెచ్చి యూరక నింపరాదు. పత్తికి తేమ నిలుపు గుణమే యిచ్చట ప్రాణాంతకము. ఎఱ్ఱమట్టి దొరకనిచోట పాత యిటుకల పొడిని జల్లించి యిసుకతో గలిపి వాడవచ్చును. పేడయెరువు చారెడు మించరాదు. ఎరువు బలిసిన మొక్క సన్నగా నేపుగా సాగి తలబరువుకు పడిపోవును.

వెలుతురు బాగుగ గావలెను. తూర్పు కిటికీగాని వాకిటి యరుగుగాని యనుకూలము. గది మూలలో నుంచినచో కణుపులు దూరమై పొడుగుసాగును. రోహిణికార్తె యెండలలో మధ్యాహ్నపు నీడ యుండుట మంచిది. ప్రొద్దుటి యెండ తగిలిన యాకు అంచులు ఎఱ్ఱబాఱుట జబ్బు కాదు. స్వేచ్ఛగా విడిచిన రణపాల రెండు మూడడుగులు మించి పెరుగును గనుక, చిన్నదిగా నుంచదలచినవారు తల త్రుంచుచుండవలెను. త్రుంచినచోట రెండు కొమ్మలు వచ్చును. చలికాలపు చివర గంటలవలె వ్రేలాడు పూవులు పూయును. పూత ముగిసిన కొమ్మను మొదటికి గోసివేయుట మేలు. పిండినల్లి కనబడినచో సబ్బునీట ముంచిన గుడ్డతో తుడిచిన పోవును. ఈ మాత్రమునకు మందులు చల్లనక్కఱలేదు.

మొక్కలను వృద్ధిచేయుట దీనియం దున్నంత సులభముగా మఱి దేనియందును లేదు. ఆకు అంచునందలి ప్రతి నొక్కులోను నొక మొలక నిద్రించుచుండును. ఆకు తల్లిని అంటియున్నంతకాలము సాధారణముగా నా మొలక మేల్కొనదు. ఆకును వేఱుచేసినచో మేల్కొనును. ముదిరిన, దెబ్బతగులని యాకును తొడిమతో తెంపి, ఒకటి రెండు దినములు నీడ నుంచి, తొడిమ గాయము మానిన తరువాత తడియిసుకపై వెల్లకిల బఱచి, గాలికి లేవకుండ చిన్న ఱాయి బరువుంచవలెను. పాతిపెట్టరాదు. యిసుక కొలదిగ చెమ్మగా నుండిన చాలును. వారము పదిదినములలో నొక్కులనుండి తెల్లని వేళ్లును, వానివెంట జతయాకులును వచ్చును. తేమగాలిలో దారమున గట్టి గోడకు వ్రేలాడదీసిన యాకుకూడ మొలకెత్తుట పిల్లలకు వేడుక.

ఒక యాకునం దెన్ని మొక్కలు గావలెనన్నది మన చేతిలోనిదే. రాక్‌ఫెల్లరు సంస్థలో పనిచేసిన జాక్విస్ లోబ్ అను శాస్త్రజ్ఞుడు 1924లో అచ్చువేసిన గ్రంథమున రణపాల యాకులతో దాను చేసిన పరీక్షలను వివరించినాడు. సమానమైన తూకముగల యాకులు సమానమైన తూకముగల మొలకలనే పుట్టించును. మొలకకు కూడు తల్లియాకులోని నిలువయే గనుక నిది సహజమే. ఆకు సంపూర్ణముగా నున్నప్పుడు ముందు లేచిన రెండు మూడు మొలకలు ఆ నిలువను లాగికొని, తక్కినవానిని నిద్రలోనే యుంచును. నొక్కునకొక ముక్కగా గోసినచో ప్రతి ముక్కయు మొలకెత్తును గాని మొలకలు చిన్నవగును. బలమైన మొక్కలు నాలుగు చాలునన్నవారు పెద్దయాకును కోయక యుంచవలెను. పది యిండ్లకు పంచదలచినవారు ముక్కలుగా గోసికొని యోపికతో గాచుకొనవలెను. ఏ పద్ధతినైనను తల్లియాకు వాడి యెండువఱకు దానిని తీసివేయరాదు. పిలక రెండు మూడు జతల యాకులు వేసి రెండంగుళముల యెత్తైన పిమ్మట కుండీకి మార్చవచ్చును.

ఇంత సులభముగా మొలచు గుణమే మనబోటి పశువులుగలవారికి ప్రమాదహేతువు. ఈ జాతి మొక్కలలో బుఫాడయినోలైడులను విషద్రవ్యములున్నవి. అవి గుండె నడకను చెఱచును. ఆకులకంటె పూవులలో నీ విషము హెచ్చు. దీనికి దగ్గఱ చుట్టమైన యొక తోటమొక్క ఆస్ట్రేలియాలో బయళ్లకు బ్రాకినది. 1997లో న్యూసౌతువేల్సునందలి మోరీ సమీపమున పశువులను తోలుకొనిపోవు మార్గపుబీటిలో దానిని మేసి 125 పశువులు చచ్చినవి. గలాపగస్ దీవులలో మన రణపాలయే స్థానికవృక్షముల నణచుచున్నది. మన పశువులు పచ్చిమేత యుండగా దీనిని సామాన్యముగా ముట్టవు. గడ్డి కఱవైన వేసవిలో, అందును పూత చివర, ఆకలిగొన్న మేకయు దూడయు దేనినైనను కొఱుకును.

కావున త్రుంచిన కొమ్మలను, రాలిన యాకులను పెంటకుప్పపై వేయరాదు. కుప్పలో నవి చావక, ఎరువుతోపాటు పొలముచేరి గట్లపై మొలచును. కోసిన యాకు వారములకొలది ప్రాణముతో నుండును గనుక పారవేసిన మాత్రమున నశింపదు. ఎండుచెత్తతో గలిపి కాల్చవలెను. కుండీలను పశువులపాకకు దూరముగా, దూడకు అందని యెత్తున నుంచవలెను. పశువు తిన్నట్లు అనుమానము కలిగి, మేత మాని చొంగ కార్చుచు పాఱుచున్నచో, నాటుమందులతో కాలము పుచ్చక వెంటనే పశువైద్యుని పిలిచి, ఏమి తిన్నదో చెప్పి, ఆకును చూపవలయును.

మూత్రపిండములలోని రాళ్లకని ఈ యాకును పరగడుపున తినుట మనలో వాడుక గలదు. పైని చెప్పిన ద్రవ్యములు రణపాలలోను నున్నవి గనుక, గుండెజబ్బునకు మందు పుచ్చుకొనువారును, గర్భిణులును, పసిబిడ్డలును దీని జోలికి పోరాదు. తక్కినవారును వైద్యుని నడిగి గాని తినరాదు.

దూరపు సభ్యులకు పంపదలచినవారు ముదురుటాకును నీడ నొకదినమాఱబెట్టి, తడి తగులకుండ కాగితమున మడిచి, కవరులో బెట్టి తపాలలో వేయవచ్చును. నీరు చల్లిన నది దారిలోనే కుళ్లును. తోవలో మొలకెత్తినను నష్టములేదు, అట్లే యిసుకపై బెట్టవచ్చును. పొట్లముపై మొక్క పేరును, పశువుల కందనీయరాదను మాటను తప్పక వ్రాయవలెను.